జీవామృతం పోసి మరీ చంపుకున్న మొక్క



పై వీడియోలో నా వెనక గెట్టు మీద నిలబడ్డ ఆకుపచ్చ స్తంభాలు చూసి చాలామంది అడిగేది ఒక్కటే: "అన్నా, అది డ్రాగన్ ఫ్రూటా? ఎకరానికి ఎంత మిగుల్తది?" అది డ్రాగన్ ఫ్రూట్ కాదు. ఎకరం లెక్క నా దగ్గర లేదు. అది స్తంభంలా నిలువుగా పెరిగే కాక్టస్. వీడియోలో కనబడేవి బతికినవి మాత్రమే. చచ్చినవాటి గురించి ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే నాకు పాఠం చెప్పినవి అవే.

మూడేళ్ల కింద ఒక నర్సరీ నుంచి 40 ముక్కలు తెచ్చాను. ఇరవై తెల్ల జుట్టువి, ఒక్కోటి 500. ఇరవై మామూలు ఆకుపచ్చవి, ఒక్కోటి 200. మొత్తం 14,000 రూపాయలు. అమ్మినాయన చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఎడారి మొక్క సార్. నీళ్లు అక్కర్లేదు, ఎండకు చావదు, మీరు చంపుదామన్నా చావదు." శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి అనంతగిరికి వచ్చేవాళ్లకు కుండీల్లో పెట్టి అమ్మొచ్చని నా ఆలోచన.

సగం వికారాబాద్ దగ్గర మా ఎర్ర చెల్కలో పెట్టాను. సగం తాండూరు వైపు మా మామగారి నల్లరేగడి చేన్లో, కంది పక్కన పెట్టాను. మృగశిర వానలకే నాటాను. ప్రకృతి వ్యవసాయం చేసేవాణ్ణి కదా, ఏదీ తక్కువ చేయలేదు. ముక్కల్ని బీజామృతంలో ముంచాను. గుంతలో ఘనజీవామృతం వేశాను. పైన కందికట్టె, ఎండుగడ్డి మందంగా కప్పాను. పదిహేను రోజులకోసారి మొదట్లో జీవామృతం పోశాను.

దసరా నాటికి తాండూరులో ఇరవైకి ఇరవై పోయాయి. పైనుంచి చూస్తే బాగానే ఉన్నట్టుండేవి. చేత్తో తాకితే మొదలు దగ్గర మెత్తగా ఊగి, పక్కకు ఒరిగేవి. లోపలంతా గోధుమరంగు గుజ్జు, కుళ్లు వాసన. చెల్కలో పదకొండు పోయి తొమ్మిది మిగిలాయి: ఆకుపచ్చవి ఏడు, తెల్ల జుట్టువి రెండు.

ఆ తొమ్మిది ఎందుకు మిగిలాయో చాలా రోజులు నాకు అంతుబట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నా దగ్గర కట్టె, గడ్డి అయిపోయి, వాలు చివర రాళ్ల దగ్గర పెట్టిన పదకొండు మొక్కలకు ఏమీ కప్పలేదు. నీళ్ల డ్రమ్ము అంతదూరం మోయలేక జీవామృతం కూడా వాటికి సరిగ్గా పోయలేదు. బతికిన తొమ్మిదీ ఆ పదకొండులోవే. నేను పట్టించుకున్నవన్నీ చచ్చాయి, పట్టించుకోనివి బతికాయి.

మా మామ ఒరిగిన మొక్కను పీకి చూసి ఒక మాటన్నాడు: "ఏందల్లుడా, కందికి పెట్టిన బువ్వనే దీనిక్కూడ పెట్టినవ్. దీనిదే ఊరో అడిగినవా?"

అడగలేదు. ఆ తర్వాత అడగడం మొదలుపెట్టాను.

దీనిదే ఊరు?

తెల్ల జుట్టు కాక్టస్ పేరు ఓరియోసీరియస్. గ్రీకులో 'ఓరోస్' అంటే కొండ. లాటిన్‌లో 'సీరియస్' అంటే మైనపు వత్తి. కొండల్లో నిలబడ్డ మైనపు వత్తి అన్నమాట, పేరులోనే చిరునామా ఉంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలు, బొలీవియా, దక్షిణ పెరూ, అర్జెంటీనా వాయవ్య మూల దీని సొంతూరు. 3,000 మీటర్ల ఎత్తులో కూడా పెరుగుతుంది. అక్కడ పగలు ఎండ మండిపోతుంది, రాత్రి చలి కొరుకుతుంది. వాన కొద్దిగానే, అదీ ఏడాదిలో కొన్ని నెలలే. పడ్డ చినుకు రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ఆ తెల్ల జుట్టు అందానికి కాదు. పగలు ఎండకు గొడుగు, రాత్రి చలికి గొంగడి.

మన అనంతగిరి కూడా కొండే. మూసీ పుట్టిన కొండ. కానీ ఎత్తు ఆరు వందల మీటర్ల పైచిలుకు. తాండూరు ఇంకా కింద. మే నెలలో మనకు రాత్రి కూడా వేడి దిగదు. "కొండ మొక్క, మన కొండల్లో వస్తది" అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

ఆకుపచ్చ దాని కథ వేరు. అది సీరియస్ జాతి. నర్సరీల్లో 'పెరూ ఆపిల్ కాక్టస్' అంటారు. పేరుకే పెరూ, దాని అసలు చోటు వెనిజులా, కురసావ్ వైపు వేడి ప్రాంతాలు. అందుకే మన ఎండలకు అది తట్టుకుంది. రెండూ స్తంభాలే, రెండూ ముళ్లవే, ఒకే బండిలో వచ్చాయి. ఒకటి చలి కొండది, ఇంకోటి వేడి నేలది. నేను రెండింటినీ ఒకే సాలులో పెట్టాను.

రాత్రి శ్వాస

డిప్లొమాలో ఈ సంగతి ఒక పేరాలో చదివి, పరీక్ష రాసి మర్చిపోయాను. మన కంది, పత్తి పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి. ఆ రంధ్రాల్లోంచే నీరు ఆవిరైపోతుంది. కాక్టస్ పగలు ఆ తలుపులు మూసుకుంటుంది. చల్లబడ్డాక రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువు లోపలికి తీసుకుని, దాన్ని పుల్లటి ఆమ్లంగా దాచుకుంటుంది. తెల్లారాక తలుపులు మూసి, దాచుకున్నదాంతో ఎండలో వంట చేసుకుంటుంది.

నమ్మకపోతే ఇంట్లోనే చూడొచ్చు. రణపాల ఆకు కూడా ఇదే పద్ధతి. తెల్లవారుజామున చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి, పుల్లగా ఉంటుంది. మధ్యాహ్నం అదే మొక్క ఆకు రుచి చూడండి, పులుపు ఉండదు. ఈ సంగతి రాసి పెట్టినవాళ్లలో ముందటివాడు బెంజమిన్ హేన్. మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త. 1813లో ఒక ఉత్తరంలో రణపాల ఆకు పొద్దున పులుపు, మధ్యాహ్నం చప్పన, సాయంత్రం కాస్త చేదు అని రాశాడు. శాస్త్రవేత్తలు దాని లెక్క పూర్తిగా తేల్చడానికి వందేళ్లకు పైగా పట్టింది.

దీంతో రైతుకేం పని అంటారా? ఉంది. రాత్రి చల్లగా లేకపోతే ఈ మొక్క తలుపులు సరిగా తెరవదు. ఏప్రిల్, మే వేడి రాత్రుల్లో కొండ కాక్టస్ దాదాపు పస్తుంటుంది. పస్తున్న మొక్కకు నీళ్లు, ఎరువు పెడితే తాగదు, తినదు. ఆ తడి మొదట్లో నిలిచి బూజుకు అన్నం అవుతుంది. "ఎండలు మండుతున్నయ్, పాపం నీళ్లు పోద్దాం" అనుకునేది కూడా అప్పుడే కదా.

తప్పు జీవామృతానిది కాదు

ఇది చదివి "ప్రకృతి వ్యవసాయం ఫెయిల్" అని ఎవరూ స్టేటస్ పెట్టొద్దు. అదే జీవామృతం పోసిన మామ కంది ఆ ఏడు బ్రహ్మాండంగా కాసింది. అదే కందికట్టె కప్పిన నా కూరగాయల మడి ఎండల్లో కూడా తడి ఆరలేదు.

ఆచ్ఛాదన పని తడిని పట్టి ఉంచడం. కూరగాయలకు అదే ప్రాణం. వేర్లు కూడా సరిగా రాని, కోసిన గాయం మానని కాక్టస్ ముక్కకు అదే యముడు. జీవామృతంలో బెల్లం, పప్పుల పిండి ఉంటాయి. అవి సూక్ష్మజీవులకు విందు. ఆ విందు పచ్చి గాయం పక్కనే, అదీ గాలి ఆడని రేగడి తడిలో పెడితే మంచి బంధువులతో పాటు దొంగలు కూడా వస్తారు.

పాలేకర్ గారు చెప్పిన నాలుగు స్తంభాలు మనందరికీ నోటికొచ్చు: బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస. మొదటి మూడూ చేతితో చేసేవి కాబట్టి చేస్తాం, వీడియో తీస్తాం. నాలుగోది మట్టిలో గాలి, తేమ రెండూ సమంగా ఉండడం. అది డ్రమ్ములో కలిపేది కాదు, కనిపెట్టుకుని చూడాల్సింది. కాక్టస్ అడిగేది ఆ నాలుగోదే. నేను మొదటి మూడూ చేసి నాలుగోదాన్ని చంపేశాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. యూరియా బస్తా మీద రాసిన మోతాదు చూసి చల్లినవాడికీ, 200 లీటర్ల డ్రమ్ము లెక్క చూసి అన్ని మొక్కలకూ ఒకేలా పోసినవాడికీ తేడా తక్కువ. ఇద్దరూ మొక్కను చూడలేదు. మందులు మానేసినంత మాత్రాన ప్రకృతి వ్యవసాయం అయిపోదు.

ఇంకో ఉదాహరణ. డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టసే, మన ఇళ్లల్లో బ్రహ్మకమలం అని పిలుచుకునేది కూడా కాక్టసే. అసలు బ్రహ్మకమలం హిమాలయాల మొక్క, దానికీ దీనికీ సంబంధం లేదు. ఈ రెండూ మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల ఆసరాతో బతికే రకాలు. వాటికి ఆకుల ఎరువు కావాలి, కాస్త నీడ కావాలి, ఆచ్ఛాదన బాగా పనిచేస్తుంది. మన మే ఎండకు డ్రాగన్ కొమ్మలు పసుపెక్కి కాలిపోయేది అందుకే. కొండ కాక్టస్‌కు సరిగ్గా దీనికి తిరగేసి చేయాలి. పేరు ఒకటైనంత మాత్రాన పెంపకం ఒకటి కాదు.

ముందు మొక్కను గుర్తుపట్టండి

మన గుట్టల మీద, గెట్ల మీద కనిపించే బొంత జెముడు కాక్టస్ కాదు. జెముడు పేర్లు ఊరికో తీరుగా ఉంటాయి కాబట్టి పేరు నమ్ముకోవద్దు, గీరి చూడండి. తెల్లటి పాలు కారితే అది యుఫోర్బియా. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, చర్మం బొబ్బలెక్కుతుంది. స్తంభం కాక్టస్‌ను గీరితే నీళ్లలాంటి జిగురే వస్తుంది. పైగా కాక్టస్ ముళ్లు దూదిలాంటి చిన్న మెత్తటి బుడిపెలోంచి గుత్తిగా వస్తాయి. జెముడుకు అది ఉండదు.

గుర్తుపట్టకపోతే ఏమవుతుందో మన దేశం ఒకసారి చూసింది. ఎర్ర రంగు తీసే కోచినీల్ పురుగు కోసం 1795లో ఈస్టిండియా కంపెనీ కాలంలో బ్రెజిల్ నుంచి పురుగును తెచ్చారు. తీరా అది అసలు కోచినీల్ కాదు, దాని చుట్టపు జాతి. రంగు వ్యాపారం నిలబడలేదు, పురుగు మాత్రం ఒక రకం నాగజెముడును ఊడ్చిపెట్టేసింది. ఇంకో రకం నాగజెముడు దక్షిణాదిలో భూములు కమ్మేస్తే, 1926లో మొదలుపెట్టి మరో కోచినీల్ జాతిని వదిలి దాన్ని అదుపు చేయాల్సి వచ్చింది. బయటి మొక్క వద్దని నేననను. మిరప, టమాట, పల్లి కూడా అమెరికా నుంచి వచ్చినవే. కానీ పేరు తెలియని మొక్కను, పురుగును చేన్లోకి తేవద్దు.

ఇంకో హెచ్చరిక. ఆండీస్ నుంచే వచ్చిన శాన్ పెడ్రో అనే స్తంభం కాక్టస్ ఉంది. చూడటానికి నా ఆకుపచ్చవాటికి అన్నదమ్ముల్లా ఉంటుంది. దాంట్లో మెస్కలిన్ అనే మత్తు పదార్థం ఉంటుంది. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం కింద మెస్కలిన్ నిషేధిత జాబితాలో ఉంది. "ఔషధ మొక్క, తింటే మంచిది" అని పేరు చెప్పకుండా ఆన్‌లైన్‌లో ముక్కలు అమ్మేవాళ్లతో జాగ్రత్త. ఏ స్తంభం కాక్టస్‌నూ నోట్లో పెట్టుకోవద్దు. నేనైతే శాస్త్రీయ నామం రాసివ్వని ముక్కను కొనను, అమ్మను.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

ముక్క కోశాక మూడు వారాలు నీడలో, గాలి తగిలేలా నిలబెడతాను. కోసిన చోట తోలులా గట్టిపడాలి. బీజామృతంలో ముంచను.

నేల మట్టానికి అడుగున్నర ఎత్తు దిబ్బ పోస్తాను. మట్టిలో సగం పైగా మొరం గులక, ముతక ఇసుక. మిగిలింది చెల్క మట్టి. బాగా మాగిన పశువుల ఎరువు పదో వంతు కంటే తక్కువ. తాండూరు వైపు తమ్ముళ్లు బండల పాలిష్ దగ్గరి బూడిద కలుపుతామని అడుగుతారు. వద్దు. అది సున్నపురాయి పొడి, తడిస్తే సిమెంటులా పట్టేసి గాలిని ఆపుతుంది. గులక రాయి వేరు, రాతి బురద వేరు.

నాటేటప్పుడు ఏ వైపు దక్షిణం చూసిందో గుర్తు పెట్టుకుని అదే వైపు పెడతాను. నీడ అలవాటైన వైపును ఒక్కసారిగా ఎండకు తిప్పితే మాడిపోతుంది. మొదటి ఎండాకాలం షేడ్ నెట్ ఉండాల్సిందే. తెల్ల జుట్టువాటికి తెరిపి లేని వానల్లో పైన కప్పు కూడా కడతాను.

ఆచ్ఛాదన మానలేదు, మార్చాను. గడ్డికి బదులు గులక రాళ్లు పరుస్తాను. మట్టి కొట్టుకుపోదు, మొదలు దగ్గర తడి నిలవదు. నీళ్లు వేర్లు పట్టాకే. పుల్ల గుచ్చి తీస్తే తడి అంటకపోతేనే పోస్తాను. చలికాలం దాదాపు బంద్. నడి ఎండాకాలంలో మరీ ముడుచుకుంటే సాయంత్రం కొద్దిగా.

జీవామృతం వానాకాలంలో రెండుసార్లే. వడగట్టి, బాగా పలచన చేసి, మొదలుకు జానెడు దూరంలో పోస్తాను. వేర్లు లోతుకు పోవు, పైపైనే చుట్టూ పాకుతాయి కాబట్టి అందుకుంటాయి. పిండినల్లి వస్తే పాత పళ్ల బ్రష్, కుంకుడు రసం. అంతే.

లెక్క

బతికిన ఏడు ఆకుపచ్చవి ఇప్పుడు నా ఛాతీ దాకా వచ్చాయి. వాటి నుంచి కోసిన ముక్కల్నే కుండీల్లో పెట్టి అమ్ముతున్నా. పెట్టిన 14,000 వెనక్కి రావడానికి రెండేళ్లు పట్టింది. కూలి, కుండీలు, నా టైమ్ లెక్కేస్తే లాభం అనలేను. ఇంకా ఒక్క కాయ చూడలేదు. తెల్ల జుట్టువి రెండూ మూడేళ్లలో జానెడు కూడా పెరగలేదు. అవి అమ్మకానికి కాదు.

కాబట్టి ఎవరైనా "ఎకరంలో కాక్టస్ పెట్టు, నీళ్లు లేకుండా లక్షలు" అంటే, ఎవరి ఎకరంలో, ఏ రకం, ఎవరు కొన్నారు, ఎన్ని చచ్చాయి అని నాలుగూ అడగండి. చచ్చినవాటి లెక్క చెప్పనివాడి దగ్గర కొనొద్దు.

ముఖ్యంగా తాండూరు రేగడి రైతులకు చెప్తున్నా. మీ నేల, ఆ సున్నపురాయి పొరల మీద పడుకున్న నల్లమట్టి, తడిని పట్టి ఉంచడంలో మొనగాడు. ఆ నేలలో పండినందుకే తాండూరు కందిపప్పుకు ఆ రుచి, 2022లో భౌగోళిక గుర్తింపు కూడా. కందికి వరమైన ఆ గుణమే కాక్టస్‌కు శాపం. దయచేసి కంది తీసేసి కాక్టస్ పెట్టకండి. దాని చోటు వేరే ఉంది: నాగలి దిగని రాళ్ల గెట్టు, మొరం దిబ్బ, ఇంటి ముందర కుండీ.

పెంచాలనిపిస్తే రెండే రెండు మొక్కలతో మొదలుపెట్టండి. ఒకదానికి మీకు తెలిసిన పద్ధతిలో చేయండి, ఇంకోదానికి నేను చెప్పినట్టు చేయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం చూడండి. నా నేలలో బతికింది మీ నేలలో చావొచ్చు, నా మాటనూ మోతాదులా తీసుకోవద్దు.

మా మామ ఇప్పుడు కూడా నేను ఏ కొత్త మొక్క తెచ్చినా ముందు అడిగేది ధర కాదు. "ఇదే ఊరిది అల్లుడా?" అని. జవాబు తెలిశాకే గడ్డపార ఇస్తాడు.